మోటార్‌హోమ్ రోడ్డు మీద నిలకడగా సాగకపోతే లోపాన్ని వెతకవలసిన వరుస

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. ముందుభాగంలో పెట్రోలు ఇంజను, రెండు ఇరుసులకూ కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న తొమ్మిదిన్నర మీటర్ల మోటార్‌హోమ్‌ను మీరు ఒకరి దగ్గర పాతదిగా కొన్నారు. గంటకు 60 కిలోమీటర్ల వరకు బాగానే సాగుతోంది గానీ, 90 దగ్గరకు వచ్చేసరికి బండి వరుసలో నిలవక ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగిపోతోంది. రెండు గంటలు నడిపితే భుజాలు పట్టేస్తున్నాయి. వర్క్‌షాపువారు వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు చూసి, కొలతలన్నీ పరిమితుల్లోనే ఉన్నాయని కాగితం ఇచ్చి, ఒక స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే గొట్టం) అమ్మారు. అది బిగించాక కూడా తేడా కనిపించలేదు. ఇప్పుడు షాక్ అబ్జార్బర్లు మార్చాలా, వెనక ఇరుసుకు ట్రాక్ బార్ (ఇరుసు మీద బండి పక్కలకు ఊగకుండా కట్టే అడ్డకడ్డీ) వేయించాలా అన్నది మీ ప్రశ్న.

ప్రస్తుతానికి ఆ రెండూ కొనవద్దు. అవి పనికిరాని వస్తువులని కాదు, వాటి అవసరం ఉందో లేదో తేల్చే పని ఇంకా మొదలే కాలేదని నా ఉద్దేశం. మీరు ఇచ్చిన వివరాల్లో ఒక్క తూకం అంకె లేదు, టైర్లలో గాలి ఎంత ఉందో లేదు, అలైన్‌మెంట్ చూసిన రోజు బండి ఖాళీగా ఉందో నిండుగా ఉందో కూడా లేదు. ఈ లోపాన్ని వెతకడానికి నేను పాటించే వరుస ఏమిటంటే, మొదట బరువు, తరువాత గాలి, ఆ తరువాత కీళ్లలో వదులు, ఆ తరువాత చక్రాల కోణాలు, ఇవన్నీ తేలాకే అదనపు సామాను. వరుస తప్పితే ముందు చేసిన పని వెనక చేసిన పనితో పాడవుతుంది. కమాను కొనల్లోని రబ్బరు బుష్‌లు మార్చకముందే అలైన్‌మెంట్ చేయిస్తే, బుష్‌లు మార్చిన రోజున ఆ డబ్బు పోయినట్లే. ఒకసారికి ఒక్క మార్పే చేసి, అదే రోడ్డు మీద, గాలి వీచని వేళ, అదే వేగంతో నడిపి చూసి, ఒక పుస్తకంలో రాసుకోండి. వెనక కారును కట్టి లాగే అలవాటు ఉంటే ఈ పరీక్షలన్నిటికీ దాన్ని విప్పి పక్కన పెట్టండి.

అన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బండి నిలవడం లేదన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు లోపాలు దాక్కుని ఉంటాయి, ఏది మీదో డ్రైవరు సీటులోనే చాలావరకు తెలుస్తుంది. చదునుగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకొని, స్టీరింగ్ చక్రాన్ని కదలకుండా రెండు మూడు క్షణాలు పట్టుకొని ఉండండి. చక్రం కదలకపోయినా బండి తనంతట తాను దిశ మార్చుకుంటే లోపం టైర్లలోనో, ఇరుసులను పట్టి ఉంచే బుష్‌లలోనో, కోణాల్లోనో ఉంది. బండి తిన్నగానే సాగిందంటే, ఇంతకాలం దాన్ని కదిలిస్తున్నది మీ చేతులేనేమో ఆలోచించవలసి ఉంటుంది. ఆ సంగతికి చివర్లో వస్తాను. తరువాత చక్రాన్ని మధ్యస్థానం చుట్టూ కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడించి చూడండి. రెండు వేళ్ల మందం తిప్పినా ముందు చక్రాలకు ఆ కబురు చేరకపోతే అది కీళ్లలో గాని, స్టీరింగ్ గేరుబాక్సులో గాని ఉన్న వదులు. దానికి విరుద్ధంగా, కొద్దిగా తిప్పి వదిలితే చక్రం మధ్యకు రాకుండా తిప్పిన చోటే ఉండిపోతుంటే, అప్పుడు మీరు దాన్ని వెనక్కి తేవాలి, తెచ్చేటప్పుడు కొంచెం ఎక్కువ తెస్తారు, మళ్లీ సరిచేస్తారు. ఇది వదులు కాదు, బిగుతు. కింగ్ పిన్‌లు (ఇరుసు కొనల్లో ముందు చక్రాలు ఇటూ అటూ తిరిగే పిన్నులు) ఎండిపోవడం, గేరుబాక్సును అతిగా బిగించడం, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం) చాలకపోవడం దీనికి మామూలు కారణాలు. వదులుకూ బిగుతుకూ ఫలితం ఒకేలా కనిపిస్తుంది గనుకనే చాలామంది వదులు అనుకొని గేరుబాక్సును మరింత బిగించి, ఉన్న లోపాన్ని రెట్టింపు చేసుకుంటారు. ఇక, ముందుభాగం కంటే ముందు వెనకభాగం కదిలి, ఆ కుదుపు తరువాత మీ చేతికి తెలుస్తుంటే దృష్టి వెనక ఇరుసు మీద పెట్టాలి. బండి ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే అది నిలకడ లోపమే కాదు; వదలకుండా పట్టేస్తున్న బ్రేకు, ఎడమ కుడి క్యాస్టర్ తేడా, ఒక టైరులో గాలి తగ్గడం, రోడ్డు ఒక పక్కకు వాలి ఉండడం వంటివి చూడాలి.

ఇప్పుడు బరువు. నీళ్లు, ఇంధనం, సామాను, మనుషులు, అంటే మామూలుగా ప్రయాణానికి బయలుదేరే స్థితిలో బండిని కాటా మీదికి తీసుకువెళ్లి, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించండి. నాలుగు మూలలనూ వేర్వేరుగా తూచే వీలుంటే ఇంకా మంచిది, ఎందుకంటే వంటగట్టు, ఫ్రిజ్, జనరేటరు ఒకే పక్కన ఉన్న బండ్లలో ఎడమ కుడి తేడా ఆశ్చర్యపరిచేంత ఉంటుంది. ఆ అంకెలను ఛాసిస్ పలక మీద ఉన్న ఒక్కొక్క ఇరుసు పరిమితితో పోల్చండి. మొత్తం బరువు పరిమితిలో ఉన్నా వెనక ఇరుసు దాటిపోవచ్చు, ముందు ఇరుసు ఉండవలసినదానికంటే చాలా తేలికగా ఉండవచ్చు. ముందు తేలికైతే స్టీరింగ్ చక్రాలకు నేల మీద పట్టు చాలదు, మీరు తిప్పినదానికి బండి ఆలస్యంగా, అయిష్టంగా స్పందిస్తుంది.

వెనక ఇరుసు దాటి వేలాడే భాగం ఎంత పని చేస్తుందో ఒక లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. మీ కొలత బండికి రెండు ఇరుసుల మధ్య దూరం 5.3 మీటర్లు అనుకుందాం. వెనక ఇరుసుకు 2.5 మీటర్ల వెనక 300 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. నిండితే 300 కిలోలు. అది వెనక ఇరుసు మీద 300 కిలోలే మోపుతుందనుకోవడం పొరపాటు. తూగుడుబల్లలాగా ముందుభాగాన్ని పైకి లేపుతుంది. 300ను 2.5తో గుణించి 5.3తో భాగిస్తే 141 కిలోలు వస్తాయి. అంత బరువు ముందు ఇరుసు మీద నుంచి తొలగిపోయి, వెనక ఇరుసు మీద 441 కిలోలు పడుతుంది. దీనికి తోడు వెనక బంపరుకు చట్రం బిగించి ఒక చిన్న స్కూటరును వేలాడదీస్తే, ఇరుసుకు మూడున్నర మీటర్ల వెనక 120 కిలోలు అనుకున్నా, ముందు నుంచి ఇంకో 79 కిలోలు పోతాయి. రెండూ కలిపితే 220 కిలోలు. ట్యాంకు నిండుగా ఉన్న రోజు బండి ఒకలా, ఖాళీగా ఉన్న రోజు ఇంకోలా నడుస్తోందని చెప్పేవాళ్ల మాట భ్రమ కాదు. వెనక డిక్కీలోని పనిముట్లు, గొలుసులు, డబ్బాల వంటి బరువైనవాటిని రెండు ఇరుసుల మధ్య ఉన్న అరలలోకి మార్చి, దారిలో అవసరమైనంత నీళ్లే నింపుకొని ఒకసారి నడిపి చూడండి. ఇరుసుల మధ్య దూరం బండి పొడవులో సగం కంటే తక్కువ ఉన్న బండ్లు ఎంత చేసినా కొంత ఇటూ అటూ జరుగుతూనే ఉంటాయన్నది పాతవాళ్ల లెక్క. మీది 9.5లో 5.3 అయితే దాదాపు 56 శాతం, కాబట్టి మీ బండి పుట్టుకలోనే లోపం ఉందని అనుకోవలసిన పని లేదు.

తూకం చేతికి వచ్చాకే గాలి సంగతి తేలుతుంది. టైరు పక్కగోడ మీద ముద్రించిన అంకె ఆ టైరు మోయగల గరిష్ఠ బరువుకు కావలసిన గాలిని చెబుతుంది, మీ బండికి కావలసినదాన్ని కాదు. టైరు తయారీదారు ప్రచురించే బరువు, గాలి పట్టికలో మీ టైరు సైజు వరుస తీసి, ఆ ఇరుసులో బరువు ఎక్కువ ఉన్న పక్క అంకెను బట్టి గాలి చూసి, ఆ ఇరుసు మీది టైర్లన్నిటికీ అదే పెట్టాలి. వెనక జంట టైర్లకు పట్టికలో వేరే గడి ఉంటుంది, దాన్ని మరచిపోవద్దు. పట్టిక చెప్పినదానికి 5 పీఎస్ఐ కలుపుకోవడం నాకు అలవాటు. పట్టికకు కిందికి మాత్రం ఎప్పుడూ దిగకూడదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే ఉదయం బండి కదలకముందే కొలవాలి. వాతావరణంలో 10 డిగ్రీల సెల్సియస్ తేడా వస్తే 80 పీఎస్ఐ ఉన్న టైరులో సుమారు 3 పీఎస్ఐ తేడా వస్తుంది కాబట్టి, వేసవిలో పెట్టిన గాలి చలికాలానికి సరిపోదు.

నా మొదటి మోటార్‌హోమ్ కథ ఇక్కడే ఉంది. అది అచ్చం మీరు చెబుతున్నట్లే ప్రవర్తించేది. ఒక వర్క్‌షాపువారి మాట మీద నాలుగు షాక్ అబ్జార్బర్లు మార్పించాను, మరొకరి మాట మీద డ్యాంపర్ వేయించాను. రెండు బిల్లులూ కట్టాక, బస్సులు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కాటా చీటీ ఏదండీ?" అని అడిగారు. నా దగ్గర లేదు. ముందు టైర్లలో పాత యజమాని పెట్టిన 110 పీఎస్ఐ అలాగే ఉంది. పక్కగోడ మీద ఉన్నది అదే గదా అని నేనూ దాన్నే కాపాడుతూ వచ్చాను. తూయిస్తే ముందు ఇరుసు మీద 2,680 కిలోలు. పట్టిక ప్రకారం 80 చాలు. 85 పెట్టి రోడ్డెక్కగానే సగం జబ్బు పోయింది. గాలి అతిగా ఉన్న టైరు నడుమ ఉబ్బి నేలను సన్నని పట్టీగా మాత్రమే తాకుతుంది, ప్రతి గాడికీ, ప్రతి అతుకుకూ ఉలిక్కిపడుతుంది. గాలి తక్కువైతే పక్కగోడలు మెత్తబడి, మీరు తిప్పిన తిప్పుడును అవే మింగేస్తాయి, పైగా వేడెక్కి పగిలే ప్రమాదం ఉంటుంది.

అదే సమయంలో టైర్ల వయసు చూడండి. పక్కగోడ మీద తయారీ సంకేతం చివర నాలుగు అంకెలు ఉంటాయి: 3519 అని ఉంటే 2019వ సంవత్సరం 35వ వారం. మోటార్‌హోమ్ టైర్లు అరగక ముందే ముసలివవుతాయి, గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన మంచివని అనుకోకూడదు. తరువాత అరచేతిని ముందు టైరు ముఖం మీద అడ్డంగా, ఒకసారి బయటి నుంచి లోపలికి, ఒకసారి లోపలి నుంచి బయటికి పాముకుంటూ పోనివ్వండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపపు పళ్లలాగా గీరుకుంటే టో, అంటే ముందు చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, సరిగా లేదు. పళ్ల మొనలు లోపలివైపుకు తిరిగి ఉంటే టో-ఇన్ ఎక్కువ, బయటివైపుకు తిరిగి ఉంటే టో-అవుట్. ఈ అరచేతి పరీక్ష చాలాసార్లు అలైన్‌మెంట్ యంత్రం కంటే ముందే నిజం చెబుతుంది, ఎందుకంటే టైరు అరిగింది నిండు బరువుతో, నిజమైన రోడ్డు మీద.

గాలి సరిచేశాక కూడా లోపం మిగిలితే బండి కిందికి దూరాలి. కొత్తగా వేసిన డ్యాంపర్‌ను ముందు ఒక కొనన విప్పి పక్కకు కట్టేయండి. అది ఉన్నంతసేపు కీళ్ల వదులును కప్పిపుచ్చుతుంది. బండి జాకీల మీద కాకుండా తన టైర్ల మీదే, చదునైన గట్టి నేల మీద నిలబడి ఉండాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, పవర్ స్టీరింగ్ పనిచేసేందుకు ఇంజను నడిపిస్తూ, ఒకరు సీటులో కూర్చొని చక్రాన్ని రెండు పక్కలకూ కొద్దిగా, ఒకే తీరులో, ఆపకుండా ఆడిస్తూ ఉండాలి. మూసిన షెడ్డులో ఈ పని చేయవద్దు. కింద ఉన్న మీరు స్టీరింగ్ కాలమ్ నుంచి మొదలుపెట్టి కీలు తరువాత కీలు చూసుకుంటూ ముందు చక్రం దాకా రండి. కాలమ్‌కూ గేరుబాక్సుకూ మధ్య కప్లింగ్, తరువాత గేరుబాక్సులోకి వెళ్లే షాఫ్టు, బయటికి వచ్చే పిట్‌మన్ ఆర్మ్ అనే చేయి, దాని నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింక్ కడ్డీ రెండు కొనలు, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్ ఎండ్‌లు. ప్రతిచోటా ఒకటే ప్రశ్న: ఇటువైపు కదలిక వచ్చిన క్షణానే అటువైపూ కదిలిందా? కన్ను పట్టుకోలేనిదాన్ని వేలు పట్టుకుంటుంది. కీలు రెండు భాగాల మీదా పడేట్లు వేలు ఆనించి ఉంచితే, లోపల వదులు ఉన్న చోట సన్నని టిక్కుమనే కొట్టుడు గోరుకు తెలుస్తుంది. ఆడుతున్న భాగాల మధ్యలో మాత్రం వేలు దూర్చవద్దు.

గేరుబాక్సు ఛాసిస్ పట్టీకి బిగిసే చోటును ప్రత్యేకంగా చూడండి. నా బండిలో మిగిలిన సగం జబ్బు అక్కడే దొరికింది. కీళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి, కానీ గేరుబాక్సుకూ ఛాసిస్‌కూ మధ్య అతుకు మీద వేలు పెడితే, చక్రం తిప్పిన ప్రతిసారీ బాక్సే జుట్టు వాసి కదులుతోంది. బోల్టు తల చుట్టూ ఎర్రటి పొడి, దాని పక్కన మెరిసే ఇనుము కనిపించాయి. లోహం లోహం మీద రుద్దుకున్న ప్రతిచోటా ఆ ఎర్రపొడి సాక్ష్యం ఉంటుంది. కమాను కట్టలను ఇరుసుకు బిగించే యు-బోల్టులు, కమాను కళ్లు (కొనల్లోని రంధ్రాలు), కమాను కొనను ఛాసిస్‌కు వేలాడదీసే షాకిల్‌లు, బండి పక్కకు వాలకుండా ఆపే యాంటీ-రోల్ బార్ బ్రాకెట్లు, అన్నిచోట్లా దాని కోసమే వెతకండి. యు-బోల్టులు వదులైతే ఇరుసు కమాను మీద జరుగుతుంది, అప్పుడు ఏ అలైన్‌మెంటూ నిలవదు. బోల్టులను తయారీదారు చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మరోసారి చూడాలి. గేరుబాక్సు దగ్గర ఛాసిస్‌కు పగులు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆపి, బండిని నడపకుండా బాగుచేయించండి.

ఆ తరువాత ముందు ఇరుసును జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపండి. కదిలితే అది బేరింగో, కింగ్ పిన్నో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది: మరొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. తొక్కినప్పుడు కదలిక ఆగిపోతే బేరింగు వదులు, ఆగకపోతే కింగ్ పిన్ బుష్ అరిగింది. చక్రం గాలిలో ఉన్నప్పుడే చేత్తో ఈ కొన నుంచి ఆ కొనకు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తుంటే కింగ్ పిన్‌లకు గ్రీజు అందడం లేదు. పాత గ్రీజును నెట్టుకుంటూ కొత్తది బయటికి వచ్చేదాకా ఎక్కించాలి, గ్రీజు ఎక్కించే నిపుల్ ఏదైనా మూసుకుపోయి ఉంటే దాన్ని మార్చాలి.

గేరుబాక్సు లోపలి వదులు గురించి ఒక హెచ్చరిక. బాల్ రకం స్టీరింగ్ గేరుబాక్సు మూత మీద లాక్‌నట్‌తో ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పితే చాలని మీకు చాలామంది చెబుతారు. గేరు పళ్లు సరిగ్గా మధ్యస్థానంలో బిగుతుగా, పక్కలకు వదులుగా ఉండేట్లు చేసి ఉంటాయి. ఎక్కువ అరిగేదీ మధ్యలోనే. లింకేజీ విప్పి, మధ్యస్థానంలో తిప్పడానికి ఎంత బలం కావాలో కొలిచి, తయారీదారు ఇచ్చిన అంకెకు సర్దడమే సరైన పద్ధతి. అంచనాతో బిగిస్తే మధ్యలో పట్టేసి, మలుపు తిరిగాక చక్రం వెనక్కి రాదు, పళ్లూ చెడిపోతాయి. తొందరపడి ముట్టుకోకూడని స్క్రూ ఏదైనా ఉంటే అది ఇదే.

ఇప్పుడు మీ అలైన్‌మెంట్ కాగితం. పరిమితుల్లోనే ఉంది అన్న మాట నిజమే కావచ్చు, అయినా అది మీకు జవాబు కాదు. క్యాస్టర్ పరిమితి 2 నుంచి 6 డిగ్రీలు అని ఉందనుకోండి, 2.2 వచ్చినా కాగితంలో పచ్చరంగే, 5.5 వచ్చినా పచ్చరంగే. రోడ్డు మీద ఆ రెండు బండ్లూ ఒక్కటి కావు. పొడవైన, పెట్టె ఆకారపు బండి తిన్నగా సాగడానికి ముఖ్యంగా ఆధారపడేది క్యాస్టర్ మీద. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలినట్లే, స్టీరింగ్ తిరిగే అక్షం పైకొన వెనక్కి వాలి ఉండడమే క్యాస్టర్. ఆ వాలు ఉన్నంతమేరకు చక్రం తనంతట తాను తిన్నదనానికి వస్తుంది. అది చాలకపోతే తిన్నగా ఉంచే పనంతా మీ భుజాల మీద పడుతుంది. మీ బండి వంటి దూలపు ఇరుసుకు దీన్ని పెంచాలంటే కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య వాలుగా కోసిన పలకలు వేస్తారు. పరిమితిలో పైఅంచుకు దగ్గరగా పెట్టమని, రెండు పక్కల తేడా అర డిగ్రీ మించకుండా చూడమని అడగండి. తేడా ఉంటే క్యాస్టర్ తక్కువ ఉన్న పక్కకు బండి లాగుతుంది. పరిమితి దాటి పెంచితే స్టీరింగ్ బరువెక్కుతుంది, చక్రాలు వణకడం మొదలుపెట్టవచ్చు, కాబట్టి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు.

క్యాస్టర్ విషయంలో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. అది బండి ముందుకూ వెనక్కూ ఎంత వాలి ఉందో దాన్ని బట్టి కూడా మారుతుంది. 5.3 మీటర్ల దూరానికి ఒక డిగ్రీ అంటే దాదాపు 92 మిల్లీమీటర్లు. వెనక కుంగిందని ఎవరో గాలి సంచులు వేయించి వెనకభాగాన్ని 90 మిల్లీమీటర్లు లేపారంటే, ఎవరికీ తెలియకుండా ముందు క్యాస్టర్ ఒక డిగ్రీ తగ్గిపోయినట్లే. ముందు కమానులు కుంగినా అదే ఫలితం. మీ బండి పాతది గనుక, పాత యజమాని వెనక ఏమైనా కలిపారేమో చూడండి. చదునైన నేల మీద ఛాసిస్ పట్టీ ఎత్తును నాలుగు మూలలా టేపుతో కొలిచి, పుస్తకంలో తూకాల పక్కనే రాసుకోండి.

టో విషయం చిన్నదే గానీ నిక్కచ్చిగా ఉండాలి. బండి సాగేటప్పుడు ముందు చక్రాలు వెనక్కి నెట్టబడి, కీళ్లలోని కొద్దిపాటి సందులు ఒకవైపుకు చేరి, చక్రాల ముందంచులు బయటికి విచ్చుకుంటాయి. అందుకే నిలబడి ఉన్నప్పుడు కొంచెం లోపలికి, మామూలుగా మొత్తం మీద 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల వరకు పెడతారు. మీ ఛాసిస్ పుస్తకంలో ఉన్న అంకె ఏదైతే అదే ప్రమాణం. టో-అవుట్ ఉంటే చక్రాలు రెండూ చెరో దారి పట్టాలని చూస్తాయి, ఏ క్షణాన దేని మీద బరువు పడితే దాని దారిన బండి పోతుంది. క్యాస్టర్ మార్చినప్పుడల్లా టో మారుతుంది కనుక టోను అన్నిటికీ చివర సర్దాలి. ఈ పనంతా నీళ్లు, ఇంధనం, సామాను నింపి, వీలైతే ముందు సీట్లలో మనుషులను కూర్చోబెట్టి చేయించాలి. ఖాళీ బండికి చేసిన అలైన్‌మెంట్ ఖాళీ బండికే చెల్లుతుంది.

ఛాసిస్ వేరే రకం అయితే ఈ భాగం కొంత మారుతుంది. గాలి సస్పెన్షన్ ఉన్న పెద్ద బండ్లలో ముందు రైడ్ హైట్‌ను (ఛాసిస్ నిలిచే ఎత్తును) పుస్తకంలోని కొలతకు తెచ్చాకే కోణాలు చూడాలి. పాత షెవర్లే పీ30 ఛాసిస్‌లో ముందు కాయిల్ స్ప్రింగుల లోపల గాలి సంచులు ఉంటాయి, వాటిలో గాలి కారిపోతే ముక్కు కుంగి క్యాస్టర్ పడిపోతుంది. ఫోర్డ్ ఈ-సిరీస్ ట్విన్ ఐ-బీమ్ ముందు సస్పెన్షన్‌లో పై బాల్ జాయింటు దగ్గరి బుష్‌లతో కోణాలు సర్దుతారు.

ఇక మీరు అడిగిన ట్రాక్ బార్. పక్క నుంచి పెద్ద లారీ దాటేటప్పుడు దాని ముందు తోసుకువచ్చే గాలి మొదట మీ వెనకభాగాన్ని నెడుతుంది, తోక అవతలికి జరగడంతో ముక్కు లారీ వైపు తిరుగుతుంది, లారీ ముందుకు వచ్చేసరికి ముక్కును అవతలికి నెట్టి, ఆ తరువాత లోపలికి పీలుస్తుంది. కమాను కళ్లలోని రబ్బరు బుష్‌లు మెత్తబడి ఉంటే పైన ఉన్న పెట్టె ఇరుసు మీద అడ్డంగా ఊగుతుంది, ఆ ఊపులో ఇరుసు కూడా కొంచెం తిరుగుతుంది. ఛాసిస్ ఒక పక్క నుంచి ఇరుసు రెండో కొనకు అడ్డంగా కట్టే ట్రాక్ బార్ ఆ అడ్డపు కదలికను ఆపుతుంది. లారీలు దాటేటప్పుడు, ఎదురుగాలి పక్కకు మళ్లినప్పుడు మాత్రమే మీ ఇబ్బంది వస్తుంటే అది సరైన వస్తువే, కాకపోతే అరిగిన బుష్‌లు మార్చాకే. లారీలు లేని నిశ్శబ్దమైన రోడ్డు మీద కూడా బండి నిలవడం లేదంటే ట్రాక్ బార్ మీ లోపానికి మందు కాదు. యాంటీ-రోల్ బార్ బుష్‌లు, లింకులు కూడా అప్పుడే చూడండి. బండి వాలినప్పుడల్లా కమాను ఇరుసు కొద్దిగా దిశ మారుస్తుంది కాబట్టి వాలు తగ్గితే నిలకడ పెరుగుతుంది. ఫోర్డ్ ఎఫ్53 ఛాసిస్ ఉన్న చాలా బండ్లలో ఈ బార్ కొనలకు రెండేసి రంధ్రాలు ఉంటాయి, లింకును బయటి రంధ్రం నుంచి లోపలిదానికి మారిస్తే బార్ గట్టిపడుతుంది. స్పానర్లతో ఒక పూటలో అయిపోయే పని, పైగా నచ్చకపోతే వెనక్కి మార్చుకోవచ్చు.

షాక్ అబ్జార్బర్లు గుంతల తరువాతి ఊగుడును అణుస్తాయి, తిన్నని రోడ్డు మీద దిశను కాపాడవు. డ్యాంపర్ కూడా ముందు టైరు పగిలినప్పుడో, గుంతలో పడినప్పుడో వచ్చే కుదుపును మెత్తబరుస్తుంది. అందుకోసం అది ఉండనివ్వండి, కానీ పరీక్షలన్నీ పూర్తయ్యాకే తిరిగి బిగించండి. మీది గ్యాస్ నింపిన రకమైతే దాని కడ్డీ ఎప్పుడూ బయటికే తోస్తూ ఉంటుంది, బిగించాక బండి ఒక పక్కకు లాగడం మొదలుపెడితే అనుమానించవలసింది దాన్నే.

డ్రైవరు సంగతి. కారు నుంచి మోటార్‌హోమ్‌కు వచ్చినవారు బానెట్ ముందున్న పది మీటర్ల రోడ్డును చూస్తూ, పక్క గీత దగ్గరైనప్పుడల్లా దిద్దుతారు. ఇంత పొడవైన బండి ఆ దిద్దుబాటుకు స్పందించేలోపే రెండోది ఇచ్చేస్తారు. చూపును కనుచూపు మేర దూరానికి పంపి, మోచేతులను ఆనించి, చక్రాన్ని వేళ్లతో తేలికగా పట్టుకొని అరగంట నడిపి చూడండి. ఇది మీ మీద తప్పు మోపడానికి చెప్పడం లేదు. నిజంగా లోపం ఉన్న బండి కూడా డ్రైవరుకు ఈ అలవాటు నేర్పుతుంది, లోపం పోయాక కూడా చేతులు కొంతకాలం అలాగే దిద్దుతూ ఉంటాయి.

మీరు ముందుగా చేయవలసినవి రెండు: నిండు బండిని కాటా ఎక్కించడం, ఆ తూకాన్ని బట్టి గాలి సరిచేసి అదే రోడ్డు మీద నడపడం. మీ దగ్గర ఉన్న అలైన్‌మెంట్ కాగితంలో ఎడమ, కుడి క్యాస్టర్ గడులు, మొత్తం టో గడి చూసి, ఆ మూడు అంకెలతో పాటు రెండు ఇరుసుల తూకం, టైరు సైజు, చల్లని గాలి, ఛాసిస్ నాలుగు మూలల ఎత్తు రాసి పంపండి. క్యాస్టర్ పరిమితి కిందిఅంచున ఉండి, వెనక గాలి సంచులు కనిపిస్తే, బండి కిందికి దూరకముందే ఆ సంచుల్లో గాలి తగ్గించి ఛాసిస్‌ను పుస్తకంలోని ఎత్తుకు తెచ్చి ఒకసారి నడపండి. సంచులకు తయారీదారు చెప్పిన కనీసపు గాలి కంటే మాత్రం కిందికి దించవద్దు.